పెద్ద విశ్వవిద్యాలయంలో మన చోటు

ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు వచ్చే ఏడాదికి 12వ తరగతి పూర్తి చేస్తారు. కొందరు ఇప్పటికే పూర్తి చేసి, తరువాత ఏమిటని ఆలోచిస్తూ ఉండవచ్చు. డిగ్రీ చదవాలని ఉంది, కాని ఎక్కడ చదవాలి, మనల్ని చేర్చుకుంటారా అనే సందేహం చాలామందిని వేధిస్తుంది. నేను ఒక డిగ్రీ కళాశాలలో చాలా సంవత్సరాలు చరిత్ర చెప్పి విరమణ పొందినవాణ్ణి. ప్రవేశాల రోజుల్లో కాగితాలు పట్టుకొని వచ్చేవారితో కూర్చొని మాట్లాడటం నాకు ఇప్పటికీ అలవాటే. ఆ అనుభవంతో నా అభిప్రాయం చెబుతున్నాను. ఉదాహరణగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని తీసుకుంటాను, నాకు బాగా తెలిసినది అదే కాబట్టి. అనేక అనుబంధ కళాశాలలున్న రాష్ట్ర విశ్వవిద్యాలయం ఏదైనా, ఆంధ్ర కానివ్వండి, కాకతీయ కానివ్వండి, విషయం చాలావరకు ఇదే.

ఉస్మానియా అనగానే అందరి కళ్లముందు కనిపించేది ఒకే భవనం, గులాబీరంగు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల. 1939లో ప్రారంభమైన ఆ భవనాన్ని మనం క్యాలెండర్ల మీద, పత్రికల్లో, సినిమాల్లో ఎన్నోసార్లు చూశాం. "నేను ఉస్మానియాలో డిగ్రీ చేస్తాను" అని ఎవరైనా అన్నారంటే ఆ మెట్లు ఎక్కుతున్నట్లు మనసులో ఒక బొమ్మ గీసుకున్నారన్నమాట. అయితే ఆ భవనంలో ప్రధానంగా జరిగేవి ఎం.ఎ. వంటి పై తరగతులు. ఉస్మానియా పేరుతో బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. చదివేవారిలో అత్యధికులు నగరంలోను, చుట్టుపక్కల జిల్లాల్లోను ఉన్న కళాశాలల్లో చదువుతారు. వాటిలో 1887లో ఏర్పడిన నిజాం కళాశాల ఉంది. నయాపూల్ దగ్గరి ప్రభుత్వ సిటీ కళాశాల ఉంది. కింద మందుల దుకాణం, పైన రెండంతస్తుల్లో తరగతి గదులు ఉన్న ప్రైవేటు కళాశాలలూ ఉన్నాయి. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు ఒకటే. చదివే మూడేళ్లు మాత్రం ఒకటి కావు.

అందుకే నేను అనేదేమిటంటే, దరఖాస్తు పెట్టేటప్పుడు విశ్వవిద్యాలయం పేరును కాసేపు పక్కన పెట్టండి. మీరు చేరబోయేది ఒక కళాశాలలో, ఒక కోర్సులో, ఒక మాధ్యమంలో. అక్కడికి రోజూ వెళ్లవలసింది మీరే. ఆ చోటు ఏదో చూసుకోకుండా పేరు చూసి చేరినవారు మధ్యలో మానేయడం నేను చాలాసార్లు చూశాను. మంచి మార్కులు వచ్చినవారు కూడా అందులో ఉన్నారు.

ముందు అర్హత సంగతి. "మీది ఓపెన్ కదా, మిమ్మల్ని రెగ్యులర్ కాలేజీలో తీసుకోరు" అనే మాట మీరు వినే ఉంటారు. ఈ మాట అనేవారిలో చుట్టాలూ ఉంటారు, ఒక్కోసారి కళాశాల కౌంటరులో కూర్చున్నవారూ ఉంటారు. ఇది సరికాదు. 1979లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి ఒక చిన్న ప్రయోగంగా మొదలుపెట్టిన ఓపెన్ స్కూలు 1989లో జాతీయ సంస్థ అయింది. 2002లో దానికి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం అనే ఇప్పటి పేరు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడింది. గుర్తింపు పొందిన ఈ సంస్థలిచ్చే 12వ తరగతి ధ్రువపత్రంతో డిగ్రీలో చేరవచ్చు. ఈ సమానత్వం ఎవరో దయతో ఇచ్చింది కాదు, కొన్నిచోట్ల కొట్లాడి సాధించుకున్నది. వైద్యవిద్యలో ఓపెన్ స్కూలు వారిని నీట్‌కు అనర్హులుగా చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. కాబట్టి కౌంటరు దగ్గర ఎవరో కాదన్నారని వెనక్కి తిరగకండి. "ఆ మాట ఎక్కడ రాసి ఉందో చూపించండి సార్" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు చూపించలేరు.

కాని అర్హత వేరు, సబ్జెక్టు వేరు. ఓపెన్ స్కూలులో మనకు ఇష్టమైన సబ్జెక్టులు ఎంచుకొనే స్వేచ్ఛ ఉంది కదా. ఆ స్వేచ్ఛ ఇక్కడ ఒక్కోసారి అడ్డం తిరుగుతుంది. గణితం ఉన్న బి.ఎస్సీ. కావాలంటే 12లో గణితం చదివి ఉండాలి. సులువుగా పాసవుదామని అయిదు సబ్జెక్టులు ఏరుకొని, తరువాత కంప్యూటర్ కోర్సు కావాలంటే తలుపు మూసి ఉండవచ్చు. ఇంకా పరీక్షలు రాయనివారు ఇప్పుడే ఈ లెక్క చూసుకోండి. రాసేసినవారు దిగులు పడనక్కరలేదు. జాతీయ విద్యాపీఠంలో ఒకటో రెండో సబ్జెక్టులు విడిగా తీసుకొని పరీక్ష రాసే ఏర్పాటు ఉంది.

ఇక దరఖాస్తు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2020 నుంచి ఇటువంటి పద్ధతే వచ్చింది. ఒక్క దరఖాస్తుతో ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ వంటి విశ్వవిద్యాలయాల కళాశాలలన్నింటికీ పోటీ పడవచ్చు. పూర్వం ఒక్కో కళాశాలకు వెళ్లి, వరుసలో నిలబడి, ఫారం కొని నింపవలసి వచ్చేది. ఆ బాధ తప్పింది, సంతోషమే. అయితే ఒక కొత్త బాధ వచ్చిందని నా అభిప్రాయం. ఇప్పుడు ఫారం నింపేది మనం కాదు, నెట్ సెంటరు కుర్రవాడు.

నాకు తెలిసిన ఒక యువతి కథ చెబుతాను. ఆమెకు 27 ఏళ్లు. ఉప్పల్‌లో ఒక దర్జీ దుకాణంలో పని. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, పెళ్లయ్యాక ఓపెన్‌లో పదీ, ఇంటరూ తెలుగులో పాసయింది. దరఖాస్తుకు నెట్ సెంటరుకు వెళ్లింది. బయట వరుసలో ఇరవైమంది ఉన్నారు. "అక్కా, బి.ఎ.నా, బి.కాం.నా?" అని అడిగాడు అతను. బి.ఎ. అంది. "ఆప్షన్లు ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది, సీటు గ్యారంటీ" అంటూ చకచకా ఓ ముప్ఫై కళాశాలలు నొక్కేశాడు. ఆమె డబ్బులిచ్చి, కాగితం మడిచి సంచిలో పెట్టుకొని వచ్చేసింది. సీటు వచ్చింది. నగరం ఈ చివర ఉన్న ఆమెకు ఆ చివర పటాన్‌చెరులో వచ్చింది. అదీ ఇంగ్లీషు మాధ్యమంలో. వచ్చిన సీటు వదలకూడదని ఇంట్లోవాళ్లు అన్నారు. మూడు వారాలు బస్సులు మారి వెళ్లింది. నాలుగో వారం మానేసింది. తరువాత ఒకరోజు నాతో ఇలా అంది: "కరెంటు బిల్లు వస్తే రెండుసార్లు చదువుతాను సార్. ఆ కాగితం మాత్రం ఒక్కసారీ చదవలేదు."

ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టలేను. అతనికి తెలిసిన మంచి అతను చేశాడు. కాని ఆప్షన్లు ఎలా పనిచేస్తాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీరు రాసిన వరుసే ఇక్కడ ముఖ్యం. మీ మార్కులు, రిజర్వేషను చూసి, మీ జాబితాలో పైనుంచి కిందికి వస్తూ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సీటు ఇస్తారు. పదో పేరు దగ్గర సీటు దొరికిందంటే పైన తొమ్మిదింటిలో మీకు రాలేదన్నమాట. కాబట్టి, మీరు వెళ్లలేని కళాశాల పేరు మీ జాబితాలో ఉండకూడదు. "ఊరికే పెడదాం" అనే పేరే మీ సీటు కావచ్చు. అలాగని అందరూ కోరుకునే రెండు కళాశాలలు మాత్రమే రాసి ఊరుకుంటే ఏదీ రాకపోవచ్చు. వెళ్లగలిగినవన్నీ రాయండి, మీకు నచ్చిన వరుసలో రాయండి. సీటు వచ్చిందని సందేశం వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో మీ సమ్మతి తెలపాలి. తెలపకపోతే ఆ సీటు పోతుంది. తరువాతి విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చి కొత్త సీటు తెచ్చుకుంటే పాతది రద్దవుతుంది. రెండూ చేతిలో ఉంటాయనుకోవద్దు. ఇక ఫోను నంబరు. ఆధార్‌కు కలిపిన నంబరే ఇవ్వాలి. పక్కింటివారిదో, నెట్ సెంటరుదో ఇస్తే సందేశాలు అక్కడికే పోతాయి.

మాధ్యమం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. నేను చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వెనక్కి వెళతాను. ఉస్మానియా 1918లో ఏర్పడినప్పుడు దానిలో ఉన్నత విద్య ఉర్దూలో మొదలయింది. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్న రోజుల్లో అది పెద్ద సాహసం. శాస్త్రాలు, చరిత్ర, వైద్యం అన్నీ ఉర్దూలోకి అనువదించడానికి ప్రత్యేకంగా ఒక అనువాద విభాగమే పెట్టారు. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు ఆ భాగ్యం దక్కలేదు, అది వేరే కథ. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఆ తరువాత, డిగ్రీ చదువులు తెలుగులోనూ సాగాలని 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యపుస్తకాలు వేసింది. నేను బోధించిన రోజుల్లో ఆ పుస్తకాలతోనే వేలమంది పల్లెటూరి పిల్లలు పట్టభద్రులయ్యారు.

ఇప్పుడు తెలుగు మాధ్యమం తరగతులు తగ్గిపోతున్నాయి. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం అనే మాటలో నిజం లేకపోలేదు. కాని మూడేళ్లు అర్థంకాని పాఠాలు విని, గైడు బట్టీపట్టి పాసయితే ఇంగ్లీషు రాదు, సబ్జెక్టూ రాదు. 12 వరకు తెలుగులో చదివినవారు, ముఖ్యంగా మధ్యలో చాలా ఏళ్లు చదువుకు దూరంగా ఉన్నవారు, తెలుగు మాధ్యమం దొరికితే అందులోనే చేరి ఇంగ్లీషును ఒక భాషగా గట్టిగా నేర్చుకోవడం మేలని నేను అంటాను. నాతో విభేదించేవారున్నారు. నా తోటి అధ్యాపకులలోనే ఎక్కువమంది విభేదిస్తారు. మొదటి ఏడాది కష్టపడితే ఇంగ్లీషు దానంతట అదే వస్తుందని వారు చెబుతారు. కొందరికి వచ్చింది కూడా. మీరు ఏ కోవకు చెందుతారో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మీరు కోరుకున్న సబ్జెక్టులో మొదటి సంవత్సరం ఇంగ్లీషు పుస్తకం ఒకటి గ్రంథాలయంలో తీసుకొని నాలుగు పేజీలు చదవండి. ఏమి అర్థమయిందో ఇంట్లోవారికి తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే ఇంగ్లీషు మాధ్యమం పెట్టుకోండి. ఏది పెట్టినా తెలిసి పెట్టండి. దోస్త్ జాబితాలో కళాశాల, కోర్సు పక్కన మాధ్యమం కూడా ఉంటుంది, చూసి నొక్కాలి.

కాగితాల దగ్గర ఓపెన్ స్కూలు అభ్యాసకులకు ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. ఒకటి టి.సి. మిగతావారికి కళాశాల టి.సి. ఇస్తుంది. మనకు కళాశాల ఏదీ? జాతీయ విద్యాపీఠం ఇచ్చే మైగ్రేషన్, బదిలీ ధ్రువపత్రం ఒకటిగా కలిసే ఉంటుంది. అదే మన టి.సి. కౌంటరులో కొత్తగా వచ్చిన గుమాస్తాకు ఇది తెలియకపోవచ్చు, ఓపికగా చెప్పండి. రెండోది స్థానికత. మిగతావారు ఏడేడు తరగతుల బోనఫైడ్లు చూపిస్తారు. మధ్యలో బడికి వెళ్లనివారు ఆ సంవత్సరాలలో ఎక్కడ నివసించారో తహశీల్దారు కార్యాలయం ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. దీనికి రోజులు పడుతుంది. ఫలితాలు వచ్చాక పరుగెత్తడం కాదు, పరీక్షలు రాసిన వారంలోనే దరఖాస్తు ఇవ్వండి. కులం, ఆదాయం పత్రాలూ అప్పుడే.

మరి పనిచేసుకొనేవారు రెగ్యులర్ కళాశాలలో చేరవచ్చా? ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను. ముందు చేరిపో, హాజరు సంగతి వాళ్లే చూసుకుంటారు అని చెప్పే కళాశాలలు ఉన్నాయి. నమ్మకండి. హాజరు 75 శాతం ఉండాలన్నది నియమం. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా హాజరుతోనే ముడిపడి ఉంది. దానికి ఆదాయ పరిమితి, వయోపరిమితి ఉన్నాయి. మీ వయసు ఎక్కువైతే చేరకముందే అడిగి తెలుసుకోండి. హాజరు లేక ఆ డబ్బు ఆగిపోతే, ఫీజు కట్టేదాకా మీ ధ్రువపత్రాలు కళాశాల బీరువాలో ఉండిపోతాయి. అలా అసలు పత్రాలు ఇరుక్కుపోయి, మరోచోట చేరలేక తిరిగినవారిని చూశాను.

ఉదయం నుంచి సాయంత్రం దాకా పని ఉన్నవారికి దూరవిద్యే న్యాయం. అది తక్కువ చదువు కాదు. ఉస్మానియా 1977లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడింది. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రామిరెడ్డే దానికి తొలి ఉపకులపతి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి ఉపకులపతి. యు.జి.సి. గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా మామూలు పట్టాతో సమానం. గుర్తింపు ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తూ ఉంటుంది. "ఒక్క ఏడాదిలో డిగ్రీ" అని గోడమీద రాసి ఉంటే ఆ జాబితా కూడా చూడనక్కరలేదు.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది. రోజుకు నాలుగు గంటలు తీరిక చేసుకోగలిగినవారు, ఇంటికి దగ్గరలో ప్రభుత్వ కళాశాల ఉన్నవారు, కేవలం బిడియంతో దూరవిద్యకు పోవద్దు. "పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య నేను కూర్చోవాలా?" అని ముప్ఫై ఏళ్ల ఆయన ఒకరు నన్ను అడిగారు. కూర్చోండి. నా తరగతిలో అలాంటివారు ఎప్పుడూ ఒకరిద్దరు ఉండేవారు. వాళ్లు ప్రశ్నలు అడిగేవారు, మిగతా పిల్లలు అడగరు. 1948 గురించి పాఠం చెబుతుంటే "మా తాత చెప్పింది వేరేగా ఉంది సార్" అని లేచేవారు. అధ్యాపకుడికి అంతకన్నా కావలసింది ఏముంది?

పెద్ద విశ్వవిద్యాలయంలో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ మిమ్మల్ని ఎవరూ వెతకరు. పరీక్ష ఫీజు గడువు ఒక నోటీసులో ఉంటుంది, అది గోడమీద అంటించి ఉంటుంది. ఉపకార వేతనానికి దరఖాస్తు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తెలియకుండానే నెల గడిచిపోతుంది. 2016 నుంచి సెమిస్టరు పద్ధతి వచ్చాక పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, కాబట్టి గడువులూ రెండింతలు. హాస్టల్లో ఉంచి, ఉదయం లేపి, కూర్చోబెట్టి చదివించే ఇంటర్ కళాశాలల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ తికమకపడటం నేను ఏటా చూసేవాణ్ణి. వాళ్లకు మార్కులు తొంభై శాతం ఉంటాయి, ఎవరిని ఏమి అడగాలో తెలియదు.

మీ సంగతి అలా కాదు. పుస్తకాలు మీరే తెచ్చుకున్నారు. నియోజనాలు ఎప్పటికి ఇవ్వాలో మీరే కనుక్కున్నారు. హాల్ టికెట్ మీరే తీసుకున్నారు, పరీక్ష కేంద్రం ఎక్కడో ముందురోజు వెళ్లి చూసుకున్నారు. అధ్యయన కేంద్రంలో సార్ రాకపోతే మళ్లీ వారం వెళ్లారు. ఓపెన్ స్కూలు మీకు పాఠాలతోపాటు ఇది కూడా నేర్పింది. దీన్ని మీరు చదువుగా లెక్కపెట్టుకోవడం లేదు. పెద్ద విశ్వవిద్యాలయంలో రోజూ పనికివచ్చేది ఇదే.

ఉప్పల్ యువతి మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి నెట్ సెంటరుకు వెళ్లేముందు నా దగ్గరకు ఒక కాగితం తెచ్చింది. కొలతలు రాసుకొనే పుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద ఏడు కళాశాలల పేర్లు, పక్కన బస్సు నంబర్లు, దుకాణం నుంచి ఎంతసేపు పడుతుందో నిమిషాలతో సహా రాసుకుంది. తెలుగు మాధ్యమం ఉన్నవాటికి చుక్క పెట్టుకుంది. ఏడింటికీ మామూలు పనిరోజుల్లో వెళ్లి చూసి వచ్చిందట. మూడు పేర్లు కొట్టేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను. ఒకటి ఫీజు ఎక్కువ. ఒకచోట గ్రంథాలయం చూపించమంటే బీరువా చూపించారట. మూడోదాని పక్కన పెన్సిలుతో రాసుకున్నది నేనే చదివాను: "మంగళవారం, పదకొండున్నర. గదులు తెరిచే ఉన్నాయి. ఎవరూ లేరు."